అప్‌డేట్: వ్యాన్ లోపల ఉప్పునీళ్లు, తుప్పు

సర్ఫింగ్ నుంచి వచ్చాక తడి బోర్డులు, బట్టలు వేస్తుంటే వ్యాన్ లోపల తుప్పు పడుతోందని అడిగాను కదా. మీరు చెప్పినట్టే రబ్బర్ మ్యాట్ ఎత్తి చూశాను. పైన పొడిగానే ఉంది, అడుగున మాత్రం చెమ్మ, సీటు బోల్టుల చుట్టూ తుప్పు పొక్కులు! గుండె జారిపోయింది. ఉప్పు గాలిలోని తేమను లాగేస్తుంది కాబట్టి, ఉప్పు పోకుండా ఎంత ఆరబెట్టినా లాభం లేదు. అందుకే ముందు మంచినీళ్లలో ముంచిన గుడ్డతో నాలుగైదు సార్లు తుడిచి, రెండు రోజులు తలుపులు తీసి ఉంచాను. తర్వాత తుప్పు గీకి, ప్రైమర్, దానిపైన పెయింట్ వేశాను.

డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఇసుకతో పూడుకుపోయాయి. పుల్లతో పొడిస్తే గోధుమరంగు నీళ్లు కారాయి. వాటి గురించి చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్, నాకైతే తట్టేదే కాదు.

ఇప్పుడు తడి సామానంతా ప్లాస్టిక్ టబ్బులోనే. ఇసుక ఆరాకే వాక్యూమ్ పెడుతున్నాను.