వరుసకో హ్యాండ్లరా, టేబుల్ అంతటికీ ఒక్కటేనా?

ఫ్రంటెండ్_కొత్తవాడు:
స్టాక్ రిజిస్టర్ పేజీలో 800 వరుసల టేబుల్ ఉంది. ప్రతి వరుసలోనూ ‘సవరించు’, ‘తొలగించు’ అనే రెండు బటన్లకు జావాస్క్రిప్ట్‌లో విడివిడిగా క్లిక్ హ్యాండ్లర్లు, అంటే నొక్కగానే నడిచే ఫంక్షన్లు, తగిలించాను. పేజీ తెరిచినప్పుడు ఉన్న వరుసలకు ఇబ్బంది లేదు కానీ, ఆ తరువాత సర్వర్ నుంచి వచ్చి చేరిన వరుసల్లో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మా టీమ్‌లో ఒకరు డెలిగేషన్, అంటే పైనున్న ఎలిమెంట్ మీద ఒక్క హ్యాండ్లరే పెట్టే పద్ధతి, వాడమంటున్నారు. మరొకరు అది జేక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ కాలపు అలవాటు, వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాతకోడ్:
డెలిగేషనే వాడండి. క్లిక్ అనేది బటన్ దగ్గరే ఆగిపోదు. బటన్ నుంచి గడికి, గడి నుంచి వరుసకు, అక్కడి నుంచి టేబుల్‌కు, అలా డాక్యుమెంట్ దాకా పైకి పాకుతుంది. బబ్లింగ్ అనే ఈ పైకి పాకడాన్ని 2000లో వెలువడిన డామ్ (పేజీలోని ఎలిమెంట్ల చెట్టు) లెవెల్ 2 ఈవెంట్స్ ప్రమాణంలోనే నిర్దేశించారు. వరుసలన్నిటినీ చుట్టి ఉండే టీబాడీ మీద ఒక్క హ్యాండ్లర్ పెట్టి, వచ్చిన క్లిక్ ఏ బటన్‌దో అక్కడే తేల్చుకుంటే మీ 1600 హ్యాండ్లర్ల పని అదొక్కటే చేస్తుంది. రేపు చేరబోయే వరుసకు మళ్ళీ ఏమీ తగిలించనక్కరలేదు.

బగ్‌వేట:
పాతకోడ్ గారు చెప్పింది నిజమే కానీ సగమే. ఒకసారి నేను రాసిన ‘తొలగించు’ బటన్ అక్షరాల మీద నొక్కితే పనిచేసేది, పక్కనున్న చెత్తబుట్ట బొమ్మ మీద నొక్కితే పనిచేసేది కాదు. ఈవెంట్ టార్గెట్‌గా, అంటే నిజంగా క్లిక్ పడిన ఎలిమెంట్‌గా, వచ్చింది బటన్ కాదని, లోపలి ఎస్‌వీజీ బొమ్మలోని ఒక గీత అని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. మధ్యలో ఏ విడ్జెట్ అయినా, ఈవెంట్‌ను ముందుకు పోకుండా ఆపే స్టాప్‌ప్రొపగేషన్ పిలిస్తే పైనున్న హ్యాండ్లర్‌కు కబురే అందదు. ఫోకస్, బ్లర్ ఈవెంట్లు (ఇన్‌పుట్‌లోకి కర్సర్ వచ్చినప్పుడు, పోయినప్పుడు పుట్టేవి) అసలు పైకి పాకవు. డెలిగేషన్ కోసం జేక్వెరీ 2009లో తెచ్చిన లైవ్ పద్ధతిని 2013 నాటి 1.9 వెర్షన్‌లో తీసేశారంటే, ఊరికే తీసేయలేదు కదా.

పాతకోడ్:
లైవ్‌లో తప్పు డెలిగేషన్‌ది కాదు, దూరానిది. ప్రతి ఈవెంటూ డాక్యుమెంట్ దాకా ఎక్కితే గానీ అది స్పందించేది కాదు, ఈలోగా దారిలో ఎవరైనా ఆపేయవచ్చు. డెలిగేషన్ మాత్రం ఆన్ అనే పద్ధతిలో జేక్వెరీలోనే కొనసాగింది. రియాక్ట్ లైబ్రరీ సైతం లోలోపల చేసేది ఇదే. 2020 నాటి 17వ వెర్షన్‌లో హ్యాండ్లర్లను డాక్యుమెంట్ నుంచి దించి యాప్ మొత్తాన్ని చుట్టి ఉండే రూట్ ఎలిమెంట్ మీదికి మార్చింది తప్ప వదులుకోలేదు. బొమ్మ చిక్కుకు టార్గెట్ మీద క్లోజెస్ట్ పిలిచి, దాన్ని చుట్టి ఉన్న బటన్‌ను పట్టుకుంటే సరిపోతుంది. ఫోకస్‌కు బదులు పైకి పాకే ఫోకస్‌ఇన్ ఉంది. స్టాప్‌ప్రొపగేషన్ విషయంలో మాత్రం మీ అభ్యంతరం న్యాయమైనదే. ఇంకొకటి నేనే ఒప్పుకుంటాను: ఎన్నటికీ మారని నాలుగు బటన్ల ఫారమ్‌కు కూడా డెలిగేషన్ రాసేవారున్నారు, అది చాదస్తం.

ఫ్రంటెండ్_కొత్తవాడు:
ఇద్దరికీ ధన్యవాదాలు. టీబాడీ మీద ఒక్క హ్యాండ్లర్ పెట్టి, క్లోజెస్ట్ వాడాను. కొత్త వరుసలు కూడా పలుకుతున్నాయి. ఒక్క గడిలోని తేదీ విడ్జెట్ మాత్రం క్లిక్‌ను తన దగ్గరే ఆపేస్తోంది, దాని కోడ్ నా చేతిలో లేదు.

బగ్‌వేట:
అయితే ఆ గడి కోసం టీబాడీ మీదే రెండో హ్యాండ్లర్‌ను క్యాప్చర్ దశలో పెట్టండి. ఈవెంట్ పైనుంచి కిందికి దిగేటప్పుడే, అంటే విడ్జెట్ ఆపే లోపే, అది మీకు అందుతుంది. అయితే అప్పటికి విడ్జెట్ ఇంకా తేదీ మార్చి ఉండదు కాబట్టి, ఆ క్షణంలో గడిలోంచి చదివే విలువ పాతదే అవుతుంది.