జలాశయంలో నేరుగా ఈదలేకపోతున్నాను, ఎవరైనా చెప్పండి

పెన్నాతీరం:
ఉదయం నుంచి నీళ్లలో నాని, ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నాను. ఈతకొలనులో రెండు కిలోమీటర్లు ఆగకుండా ఈదుతాను. ఇక్కడ దిగితే ఎటు పోతున్నానో నాకే తెలియడం లేదు. గురిపెట్టేది ఒక చెట్టుకు, తేలేది మరెక్కడో. చేతి గడియారం గీసిన దారి చూస్తే పాము పాకినట్టుంది. వచ్చే నెల ఐదు కిలోమీటర్లు ఈదుతానని డయాలసిస్ రోగుల కోసం అందరినీ విరాళాలకు ఒప్పించాను. వీడియోలన్నీ చూశాను, లాభం లేదు.

కంబగిరి:
ఏ నీళ్లు?

లెక్కలయ్య:
ముందు డబ్బు సంగతి చూసుకోండి. విరాళాలకు పన్ను మినహాయింపు గుర్తింపు ఉన్న సంస్థ ఖాతాకే నేరుగా వేయించండి. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు, ఆశపెట్టకండి. మీ సొంత ఖాతాలో వేయించుకున్నారా, రేపు ఎవరో ఒకరు లెక్క అడుగుతారు. మా వీధిలో వినాయకుడి చందాల దగ్గరే మాటలు బందయ్యాయి.

పెన్నాతీరం:
సార్, నేను అడిగింది ఈత గురించి. మైలవరం జలాశయం.

కంబగిరి:
ఊపిరి ఒకవైపే తీసుకుంటారా?

పెన్నాతీరం:
అవును, కుడివైపు.

కంబగిరి:
కొలనులో అడుగున ఉన్న గీత చూసి, తెలియకుండానే సరిదిద్దుకుంటారు. ఇక్కడ గీత లేదు. ఒక చేతి లాగుడు ఎక్కువైతే పక్కకు పోతారు. ఏడెనిమిది బారలకొకసారి కళ్ల వరకే నీటిపైకి ఎత్తి చూడండి. తలంతా ఎత్తితే నడుము మునుగుతుంది. రెండువైపులా ఊపిరి అలవాటు చేసుకోండి.

పాతనీరు:
వెంట పడవ ఉందా? జలాశయం అధికారుల అనుమతి ఉందా? ఎవరూ అడగరేమి? కనీసం నడుముకు తాడుతో రంగు బెండు కట్టుకో నాయనా.

ఈతరాయుడు:
బెండు కట్టుకుంటే అది సాహసం ఎలా అవుతుంది? 1958లో మిహిర్ సేన్ ఇంగ్లిష్ చానెల్‌ను బెండుతో దాటారా?

పాతనీరు:
ఆయన వెంట పడవ ఉంది స్వామీ. ఈ బెండు మోయడానికి కాదు, గట్టు మీదివాళ్లకు మనిషి కనబడడానికి. వెనకాల తేలుతూ వస్తుంది, అంతే.

ఈతరాయుడు:
అలసిపోతే పట్టుకుంటారా, లేదా? పట్టుకుంటే అది ఆధారమే. డబ్బు ఇచ్చేవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి.

పాతనీరు:
పట్టుకుంటే పట్టుకోనీ. మునిగితే ఎవరికి విరాళం ఇస్తారు?

పెన్నాతీరం:
కంబగిరి అన్నా, మీరు చెప్పినట్టే ఈ రోజు కళ్లు ఎత్తి చూశాను. వెలుగు తప్ప ఏమీ కనబడలేదు.

కంబగిరి:
ఏ వేళకు? ఎటు?

పెన్నాతీరం:
పొద్దున ఆరున్నరకు. గండికోట వైపు నుంచి ఆనకట్ట వైపు.

కంబగిరి:
అంటే ఎదురెండ. ఇది కదా మొదట చెప్పాల్సింది! పడమటికి తిరిగి ఈదండి. చెట్టు వద్దు, ఆకాశానికి ఆనినట్టు కనిపించే కొండ కొమ్ము చూసుకోండి. నల్లరంగు ఈత కళ్లద్దాలు వాడండి.

పాతనీరు:
పడమటికి అన్నారని ఆనకట్ట దగ్గర దిగేరు, తూముల దగ్గర నీళ్లు లాగుతాయి. అనుమతి సంగతి ఇంకా చెప్పలేదు.

పెన్నాతీరం:
దిశ మార్చాను, చాలావరకు నేరుగానే వస్తోంది. థాంక్స్ అన్నా.

ఈతరాయుడు:
బెండుతోనా, లేకుండానా?

లెక్కలయ్య:
రసీదు పుస్తకం కొట్టించారా?