అప్‌డేట్: మహేంద్రగిరి రెక్కల జాతికి పేర్లు కుదిరాయి

పర్లాకిమిడి నుంచి మళ్ళీ నేనే. కథ కోసం ఇక్కడి మహేంద్రగిరి కొండ మీద బతికే రెక్కల జాతిని కల్పిస్తున్నానని, వాటికి చేతులు విడిగా ఉండాలా, పేర్లెలా పెట్టాలి అని అడిగాను కదా.

చేతుల సంగతి తేలిపోయింది. గబ్బిలాల్లో ఉన్నట్టే వేళ్ల మధ్య చర్మమే రెక్క, పట్టుకోవడానికి బొటనవేలు. బరువు పది కిలోలు దాటనివ్వను, లేకపోతే ఎగరడం కష్టం.

అసలు మజా పేర్ల దగ్గర. వెనెజులాలో ఒక రకం చిన్న చిలుకలు తమ పిల్లలకు ఒక్కోదానికి ఒక్కో పిలుపు నేర్పుతాయని 2011లో పరిశోధకులు చెప్పారు. మీలో ఒకరు ఆ ముక్క అందించారు, థాంక్స్. కాబట్టి నా రెక్కల జాతిలోనూ పుట్టగానే పేరంటే తల్లి ఇచ్చే ఈల ఒక్కటే. బారసాల ఇరవై ఒకటో రోజున కాదు, మొదటిసారి లోయ దాటి ఎగిరిన రోజున. అప్పుడు ఇంటిపేరులా ముందు గుహ పేరు, తర్వాత ఆ రోజు గాలి వీచిన దిక్కు. సముద్రం తూర్పునే ఉంది కాబట్టి సగం మంది తూర్పుగాలి వాళ్లే అవుతారు, అందుకే చివర్లో తల్లి ఈల తప్పనిసరి.

తాత పేరు పెట్టమన్నారు కొందరు. తాత బతికుండగా కుదరదు: ఒకే ఈలకు ఇద్దరు తల తిప్పితే గాల్లో గుద్దుకుంటారు! పెళ్లయ్యాక గుహ పేరు ఎవరు మార్చుకోవాలన్నదాని మీద మా చెల్లితో ఇంకా గొడవ నడుస్తోంది.