మనిషిని పట్టుకెళ్ళి 'మా దగ్గర లేడు' అనొచ్చా?

పెన్నావాసి (నెల్లూరు):
నిన్న ట్రంకు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడ తెగలేదు, ఇక్కడికి తెచ్చా. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, ఉగ్రవాదులని అనుమానించినోళ్ళ కోసం పరాయి దేశాల్లో రహస్య జైళ్ళు నడిపింది. 2006 సెప్టెంబరు 6న అప్పటి అధ్యక్షుడు బుష్ తన నోటితోనే ఒప్పుకున్నాడు, 14 మందిని అక్కణ్ణించి క్యూబాలో ఉన్న అమెరికా సైనిక జైలు గ్వాంటనామోకి మార్చామని. అప్పటిదాకా వాళ్ళని రెడ్‌క్రాస్‌కి కూడా చూపించలేదు. మా మిత్రుడొకడు "దేశం కోసం అట్టాంటివి తప్పవు, అంతర్జాతీయ చట్టం పుస్తకంలో చదువుకోడానికి" అంటాడు. నాకైతే కొట్టడం కంటే ఆ 'లేడు' అనే మాటే పెద్ద నేరంగా కనపడతాది. మీరేమంటారు?

కందుకూరు బాబాయ్:
ఏందబ్బా, మళ్ళీ మానవ హక్కులా! 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కలిపి 42 మంది పోయారు. పేల్చినోణ్ణి పట్టుకుని వాళ్ళింటికి ఫోన్ చేసి "మీవాడు ఫలానా స్టేషన్లో ఉండాడు, రండి" అని చెప్పాలా? మిగతావాళ్ళు జారుకోరా? నాలుగు రోజులు గుట్టుగా ఉంచితే కొంపలేం మునగవు.

అద్దంకి బస్టాండ్ (ఒంగోలు):
బాబాయ్, అదే ఏడు మే 18న మక్కా మసీదులో పేలింది. ఆ తర్వాత పట్టుకెళ్ళిన హైదరాబాద్ కుర్రాళ్ళు చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వమే పరిహారం కూడా ఇచ్చింది. (2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, అది వేరే కథ.) 'పేల్చినోడు' అంటున్నావు, వాడే పేల్చాడని నీకు చెప్పిందెవరు? పట్టుకున్నవాళ్ళే గదా.

అమెరికావాళ్ళూ అంతే. ఖాలిద్ ఎల్-మస్రీ అని జర్మనీ పౌరుడు. ఇంకెవరిదో పేరులా ఉందని 2003 డిసెంబరు 31న మాసిడోనియా సరిహద్దులో ఆపి, 23 రోజులు హోటల్ గదిలో పెట్టి, సీఐఏకి అప్పజెప్పారు. నెలల తరబడి ఆఫ్ఘనిస్థాన్‌లో ఉంచి, 'పొరపాటు పడ్డాం' అని తెలిశాక అల్బేనియాలో ఒక రోడ్డు మీద దించిపోయారు. అమెరికా కోర్టులు దేశ రహస్యాల పేరు చెప్పి కేసే వినలేదు. యూరప్ మానవ హక్కుల కోర్టు మాత్రం 2012లో మాసిడోనియాని తప్పుబట్టి 60,000 యూరోలు ఇమ్మంది.

కావలి గుమాస్తా:
వకీలు దగ్గర ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు మోస్తున్నా, నాకు తెలిసింది చెప్తా. అరెస్టు చెయ్యడం వేరు, అరెస్టు చూపించడం వేరు. మనిషిని సోమవారం రాత్రి మఫ్టీలో వచ్చి కారెక్కిస్తారు. కాగితంలో శుక్రవారం ఉదయం 6 గంటలకి "బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుచుండగా" అని ఉంటాది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న లెక్క (రాజ్యాంగం 22వ అధికరణం, ఇప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 58వ సెక్షన్) శుక్రవారం నించి మొదలవుద్ది. మధ్యలో మూడు రోజులు ఏ రిజిస్టర్లోనూ లేవు.

టెలిగ్రాం ఉన్నప్పుడు మా సారు ముందు పోస్టాఫీసుకి పరిగెత్తించేవాడు. కలెక్టరుకొకటి, ఎస్పీకొకటి, హైకోర్టుకొకటి. ఆ రసీదు మీద టైము ఉండేది చూడండి, 'సోమవారం రాత్రే పోయాడు' అనడానికి అదే సాక్ష్యం. 2013లో టెలిగ్రాం ఆపేశారు. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో అరెస్టు మెమో మీద టైమూ తేదీ, ఇంటివాళ్ళో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం అంది. ఎందుకనుకున్నారు? ఈ మూడు రోజుల కోసమే.

కందుకూరు బాబాయ్:
చట్టం మనదే, కాదన్లా. కానీ అంతర్జాతీయం ఏంది? మనుషుల్ని మాయం చెయ్యకూడదన్న ఒప్పందం మీద మన దేశం 2007 ఫిబ్రవరిలో సంతకం పెట్టి ఊరుకుంది, ఆమోదించలా. చిత్రహింసలు పెట్టకూడదన్న ఒప్పందం మీద 1997లో, అదీ అంతే. ఒప్పుకోనిదానికి కట్టుబడమంటే ఎట్టా?

కావలి గుమాస్తా:
మంచి పాయింటే. ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మాత్రం మనం 1979లోనే చేరాం. అక్రమంగా నిర్బంధిస్తే పరిహారం ఇవ్వాలన్న క్లాజు దగ్గర 'మాకు వర్తించదు' అని మినహాయింపు రాసుకుని మరీ చేరాం. ఒడిశాలో కస్టడీలో చనిపోయిన కుర్రాడి తల్లి నీలబతి బెహెరా ఉత్తరం రాస్తే, దాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1993లో లక్షన్నర ఇప్పించింది. అప్పుడు ఎత్తిచూపింది ఆ క్లాజునే. బసు కేసులో ఇంకో అడుగేసి, ఆ మినహాయింపుకి ఇప్పుడు అర్థం లేదనేసింది. ఆ ఆమోదించని ఒప్పందం అడిగేది కూడా ఏం లేదు బాబాయ్, ఎవర్నీ రహస్యంగా ఉంచొద్దు, రిజిస్టర్లో రాయండి అని.

మైపాడు గాలి:
మా బావమరిది రొయ్యల గుంటల కాడ కాపలా. ఏరియేటర్ మోటార్లు పోయాయని రాత్రి తీసకపోయారు. పొద్దున్నే మా అత్త క్యారియర్ తీసుకుని స్టేషన్‌కి పోయింది. ఏ స్టేషనో చెప్పను. "ఇక్కడెవరూ లేరమ్మా" అన్నాడు సెంట్రీ. ఆమె వెనక్కి తిరిగితే, "క్యారియర్ పెట్టిపో" అన్నాడు. సాయంత్రం పోతే గిన్నెలు తిరిగొచ్చాయి. అన్నం లేదు, చేపల పులుసు లేదు, అడుగు గిన్నెలో మామిడికాయ ముక్కలు మటుకు వరసగా పక్కకి పెట్టి ఉండాయి. వాడికి చిన్నప్పట్నించీ పులుసులో ముక్కలు పడవు. మా అత్త ఆ రాత్రి నిద్రపోయింది.

అయిదో రోజు పంపించేశారు. కేసు లేదు, కాగితం లేదు. కొట్టెయ్యడానికి కోర్టులో కేసన్నా ఉండాల గదా.

కందుకూరు బాబాయ్:
అది తప్పే. కానీ రొయ్యల గుంట మోటారుకీ గోకుల్ చాట్‌కీ పోలిక పెట్టబాకండి.

అద్దంకి బస్టాండ్:
సీఐఏ పట్టుకున్నది మోటార్ల దొంగల్ని కాదుగా బాబాయ్. 2014లో అమెరికా సెనేట్ కమిటీ లెక్క తీస్తే సీఐఏ అట్టా ఉంచిన 119 మందిలో కనీసం 26 మందిని, అధ్యక్షుడు సీఐఏకి పెట్టిన నియమం ప్రకారమే అక్కడ ఉంచకూడదని తేలింది.

కందుకూరు బాబాయ్:
సరే, ఒక జడ్జికి గుట్టుగా చెప్పమనండి. పేపరోళ్ళకి వద్దు, ఇంటికి వద్దు. దానికి ఒప్పుకుంటా.

కావలి గుమాస్తా:
జడ్జికి ఎన్ని గంటల్లో చెప్పాల బాబాయ్?

కందుకూరు బాబాయ్:
నాలుగు రోజులు.

పెన్నావాసి:
ఆ నాలుగు రోజులూ ఇంటావిడ క్యారియర్ తీసుకుని వస్తే సెంట్రీ ఏం చెప్పాల?