తఖ్తా కాపు: ఈ ‘కాపు’ మన కాపురంలోది కాదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇరాన్ చరిత్ర మీద ఒక పెద్ద వ్యాసం తెలుగు చేస్తున్నాను, అందులో ఫార్స్ ప్రాంతంలోని కష్కాయ్ తెగల గురించి ఒక భాగం ఉంది. ‘తఖ్తా కాపు’ అనే మాట పేజీకి రెండుసార్లు తగులుతోంది. సంచార తెగల్ని ఒకచోట ఉండేలా చేయడం అని సందర్భాన్ని బట్టి తెలుస్తోంది కాబట్టి ప్రస్తుతానికి ‘స్థిరనివాసం’ అని రాసుకుంటూ పోతున్నా, కానీ తిరిగి చదివితే చప్పగా ఉంది. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి.

జవాబు:
కాపు మనదే కదండీ! కాపురం, కాపలా అన్నీ అందులోంచి వచ్చినవే. తఖ్తు అంటే గద్దె. గద్దె మీద కూర్చున్నవాడు పెట్టించిన కాపురం. పర్షియా వాళ్ళ మాటకి తెలుగులో ఇంత చక్కగా అర్థం కుదిరితే ఇంకా వెతకడం ఎందుకు?

జవాబు:
కుదిరినట్టు కనిపించడమే దీంతో తంటా. ఇక్కడ ఉన్నది తఖ్తు కాదు, తఖ్తా. అంటే చెక్క పలక. హైదరాబాద్ ఉర్దూలో ఇప్పటికీ అదే అర్థం. రెండోది టర్కిక్ భాషల మాట, కాపు లేదా కాపి అంటే తలుపు, ద్వారం. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి కోటలో ఉన్నది ఆ మాటే, ఫిరంగి ద్వారం అని. ఇస్ఫహాన్‌లో సఫవీ రాజులు కట్టిన ఆలీ కాపు మేడ కూడా అదే, ఘనమైన ద్వారం. మన కాపురానికీ దీనికీ ఏ బంధుత్వమూ లేదు, ఉచ్చారణ కలిసిందంతే. కాబట్టి తఖ్తా కాపు అంటే ‘చెక్క తలుపు’. సగం పారశీకం, సగం టర్కిక్. కష్కాయ్‌లు మాట్లాడేదీ టర్కిక్ భాషే.

గుడారానికి చెక్క తలుపు ఉండదు కదా. మేక వెంట్రుకలతో నేసిన నల్లటి బట్ట, దాన్ని ‘సియా చాదర్’ అంటారు (మన చద్దరుకి ఈ చాదర్ మాత్రం నిజంగానే చుట్టం), ఒక వైపు ఎత్తి కడితే అదే వాకిలి. అలాంటివాణ్ణి తెచ్చి చెక్క తలుపున్న ఇంట్లో పెడితే అది తఖ్తా కాపు.

పారశీకంలో దీని పక్కన ‘కర్దన్’ అని చేరుస్తారు, అంటే చేయడం. ఎవరో ఎవరికో చేసేది. ‘వాళ్ళు తఖ్తా కాపు అయ్యారు’ అనే మాటకన్నా ‘వాళ్ళని తఖ్తా కాపు చేశారు’ అనేది అసలు సంగతికి దగ్గర. మీ ‘స్థిరనివాసం’ చప్పగా ఉండటానికి కారణం అదే అనుకుంటా, చేసినవాడు అందులోంచి జారుకున్నాడు.

ప్రశ్న:
మాస్టారూ, చాలా థాంక్స్. ఇంకో చిక్కుంది. అదే భాగంలో పంచదార, తేయాకు, నల్లమందు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం గురించి కూడా రాశారు. తెగల్ని స్థిరపరచడానికీ దానికీ సంబంధం ఏమిటో అంతుపట్టక, రెండు విషయాల్ని కలిపేశారేమో అని విడగొట్టేద్దామనుకుంటున్నా.

జవాబు:
విడగొట్టకండి బాబూ! ఆ రెండూ ఒకే పని. ఫార్స్ పటం ముందు పెట్టుకుని చూడండి. కష్కాయ్‌లు చలికాలం దక్షిణాన, ఫిరూజాబాద్ చుట్టూ ఉన్న వెచ్చటి నేలల్లో గడిపి, వేసవికి గొర్రెలు మేకలతో ఉత్తరాన సెమిరోమ్ వైపు జాగ్రోస్ కొండల్లోకి పోతారు. వెచ్చటి నేల ‘గర్మ్‌సీర్’, చల్లటి నేల ‘సర్ద్‌సీర్’. (గరం, సర్ది మనకీ తెలిసినవే.) ఇప్పుడు దక్షిణాన ఏముంది? పర్షియన్ గల్ఫ్ రేవులు, బుషెహర్ లాంటివి. అక్కడి నుంచి ఫార్స్ ముఖ్యపట్టణం షిరాజ్‌కి, పైకి ఇస్ఫహాన్‌కి సరుకు నడిచే దారులు ఈ తెగలు తిరిగే కొండల గుండానే పోతాయి. అంటే దారి ఎవరిదైతే బేరం వాడిది. తెగల పెద్దలు దారి సుంకం వసూలు చేసేవాళ్ళు, కాపలా ఇచ్చేవాళ్ళు, కోపమొస్తే దోచేవాళ్ళు కూడా. ఈ సంగతి టెహ్రాన్‌లో ఉన్నవాళ్ళకి, తెగల్ని తఖ్తా కాపు చేయించిన రాజు రెజా షా కన్నా ముందే తెలుసు. 1861-62 ప్రాంతంలోనే కష్కాయ్‌లకి పోటీగా అయిదు తెగల్ని కలిపి ఒక కూటమి కట్టి ‘ఖమ్సా’ అని పేరు పెట్టారు (అరబ్బీలో అయిదు), దాని నాయకత్వం ఎవరికిచ్చారనుకున్నారు? ఏ తెగ పెద్దకీ కాదు, షిరాజ్‌లో వ్యాపారం చేసి ఎదిగిన కవామ్ కుటుంబానికి. రేవు దారి మీద సరుకు నడిపే షావుకారుకి తెగల మీద పెత్తనం!

ఇక రెజా షా సంగతి. 1925 మే నెలలో, అంటే ఆయన ఇంకా ప్రధానిగా ఉండగానే, పంచదార, తేయాకు ప్రభుత్వం గుప్పిట్లోకి వెళ్ళాయి, ఆ డబ్బుతో రైలుమార్గం వేస్తామని చట్టం చేశారు. 1928లో నల్లమందు, ఆ మరుసటి ఏడు పొగాకు. 1931 మొదట్లో మొత్తం విదేశీ వ్యాపారమే. దేశంలోకి ఏదైనా తెప్పించుకోవాలంటే లైసెన్సు, కోటా, అదీ ఏదో ఒకటి ఎగుమతి చేసి చూపిస్తేనే. ఇంత బిగిస్తే ఏమవుతుంది? గల్ఫ్ ఒడ్డున దొంగ సరుకు పెరుగుతుంది. పంచదార, టీ ఎగబడి లోపలికి వచ్చాయి. దొంగ రవాణాకి పారశీకంలో మాట ‘కాచాక్’, ఇదీ టర్కిక్కే, పారిపోవడం అనే ధాతువు. రేవు దగ్గర కస్టమ్స్ గుమస్తా కూర్చుంటాడు గానీ, ఏటా వేల గొర్రెలతో కొండలు దాటే మనుషుల మూటలు ఎవడు విప్పి చూస్తాడు? తిరిగేవాడు తిరుగుతున్నంత కాలం గుత్త నిలవదు. అందుకే తలుపు కావాల్సి వచ్చింది. తలుపుంటే చిరునామా ఉంటుంది, చిరునామా ఉంటే పన్ను కాగితం వస్తుంది, సైన్యంలోకి పిలుపు వస్తుంది (నిర్బంధ సైనిక సేవ కూడా 1925 చట్టమే), ప్రభుత్వం చెప్పిన ధరకే పంచదార కొనాలి.

1929లో ఫార్స్‌లో తిరుగుబాటు వచ్చింది. ఆయుధాలు లాక్కోవడం, సైన్యంలోకి పట్టుకెళ్ళడం, 1928 చివర్లో వచ్చిన దుస్తుల చట్టం (మగవాళ్ళు రెజా షా తెచ్చిన పహ్లవీ టోపీ పెట్టుకోవాలి), సైనిక అధికారుల వేధింపులు, వీటితో పాటు నల్లమందు గుత్త కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఉంది. మీ వ్యాసకర్త ఊరికే కలపలేదు. కష్కాయ్‌ల ఇల్ఖాన్, అంటే తెగలన్నిటికీ పెద్ద, సౌలతుద్దౌలా మజ్లిస్ (ఇరాన్ పార్లమెంటు) సభ్యుడిగా ఉండి కూడా చివరికి టెహ్రాన్ జైలు పాలయ్యాడు, 1933లో అక్కడే పోయాడు.

ఇంకో వింత. పంచదార డబ్బుతో వేసిన ఆ రైలు 1938లో పూర్తయింది, కాస్పియన్ ఒడ్డు నుంచి గల్ఫ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్లు. అది ఖుజిస్తాన్, లురిస్తాన్ మీదుగా పోయింది. ఫార్స్ ముఖం చూడలేదు. షిరాజ్‌లో టీలో వేసుకున్న ప్రతి పంచదార ముక్కా వేరే ఊళ్ళ రైలుకి చందా అన్నమాట.

జవాబు:
గుత్త అనే మాట మీద నాదో చిన్న సందేహం మాస్టారూ. గుత్త అంటే ఇంత మొత్తం అని మాట్లాడుకుని ఇంకొకడికి అప్పజెప్పడం కదా, చెరువు గుత్త, తోట గుత్త అంటాం. ఇక్కడ ప్రభుత్వం ఎవరికీ అప్పజెప్పలేదు, తనే పెట్టుకుంది. మరి గుత్తాధిపత్యం సరైన మాటేనా?

జవాబు:
మంచి పాయింటు. అసలైన గుత్త చూడాలంటే 1890కి వెళ్ళాలి. అప్పటి రాజు నాసిరుద్దీన్ షా, దేశంలో పండే పొగాకు మొత్తం కొనడం, అమ్మడం, ఎగుమతి చేయడం మీద హక్కుని టాల్బట్ అనే ఇంగ్లీషువాడికి 50 ఏళ్ళకి రాసిచ్చాడు. ఏడాదికి 15,000 పౌన్లు, లాభంలో పావు వంతు. ఇది మన చెరువు గుత్త లాంటిదే. దాన్ని పారశీకంలో ‘ఇంతియాజ్’ అన్నారు. 1891లో దాని మీద గొడవ మొదలైంది ఇదే షిరాజ్‌లో, మంచి పొగాకు పండే ప్రాంతం కదా. ఆ ఏడాది చివర్లో షియాల పెద్ద మతగురువు మీర్జా షిరాజీ పేరున పొగాకు ముట్టకూడదని ఫత్వా వచ్చేసరికి జనం హుక్కాలు మానేశారు, 1892 మొదట్లో రాజు ఒప్పందం రద్దు చేసుకుని 5,00,000 పౌన్ల పరిహారం నెత్తిన వేసుకున్నాడు. రెజా షా కాలం నాటిది దీనికి వేరు, దాని పేరు ‘ఇన్హిసార్’, చుట్టూ కంచె వేసుకోవడం లాంటి అర్థం. కాబట్టి మొదటిదానికి ‘గుత్త’, రెండోదానికి ‘సర్కారు ఏకహక్కు’ అని వాడితే తేడా నిలుస్తుంది. గుత్తాధిపత్యం అని రెండిటికీ వాడితే తప్పని అనను గానీ, టాల్బట్‌కీ రెజా షాకీ తేడా చదివేవాళ్ళకి అందదు.

ప్రశ్న:
మరి చివరికి తఖ్తా కాపుకి ఏం రాయమంటారు? ‘పునరావాసం’ అంటే?

జవాబు:
వద్దు. పునరావాసం అంటే ఏదో మేలు చేసినట్టుంటుంది. అక్కడ జరిగింది వేరు. చల్లటి కొండల్లో ఆపేసినవాళ్ళ మందలు చలికి చచ్చాయి, వెచ్చటి నేలల్లో ఆపేసినవాళ్ళు వేసవిలో మలేరియాతో పోయారు. 1941 సెప్టెంబరులో రెజా షా గద్దె దిగిపోగానే కష్కాయ్‌లు మళ్ళీ గుడారాలు కట్టుకుని కొండ దారి పట్టారు. తరవాత 1950లలో బహ్మన్‌బేగీ అనే కష్కాయ్ మనిషి వాళ్ళ పిల్లలకి బళ్ళు పెట్టినప్పుడు వాటిని పెట్టింది తెల్లటి గుడారాల్లోనే, తెగతో పాటు అవీ కదిలేవి.

ప్రభుత్వ భాషలో ‘ఇస్కాన్’ అనే మాట కూడా మీకు తగలొచ్చు. నిజాం కాలపు కాగితాల్లో ‘సాకిన్’ అంటే ఫలానా ఊరి నివాసి, ఆ ధాతువుకే ‘చేయించు’ అర్థం వస్తే ఇస్కాన్, నివసింపజేయడం. దానికి మీ స్థిరనివాసం దగ్గర పెట్టుకోవచ్చు, ‘కల్పన’ అని చేర్చి. తఖ్తా కాపుని మాత్రం మొదటిసారి వచ్చినచోట అలాగే ఉంచి, ‘గుడారం పీకి తలుపు బిగించడం’ అని ఒక్కసారి విప్పి చెప్పండి. ఆ తరవాత ‘తలుపు బిగింపు’ అని వాడినా జనానికి అర్థమైపోతుంది.

జవాబు:
‘తడిక తీసి తలుపు బిగించడం’ అంటే?

జవాబు:
తడిక ఉన్నవాడికి గుడిసె ఉన్నట్టే కదండీ. వీళ్ళకి అదీ లేదు. గుడారమే ఉంచండి.