సర్వీసులో ఉండగా పక్షవాతం: మెడికల్ అన్‌ఫిట్ అని తీసేయవచ్చా?

కృష్ణాతీరం (ప్రశ్న)

మా బావగారికి 49 ఏళ్లు. ఒక ప్రభుత్వ సంస్థలో హెవీ డ్రైవర్. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పట్టుతప్పాయి. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట, కుడిచెయ్యి బాగానే ఉన్నాయి. లీవులు అయిపోయాయి, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంది. ఇప్పుడు ఆఫీసులో "ఆరోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా రిటైర్మెంట్ కోరుతున్నాను" అని టైపు చేసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటున్నారు. లేకపోతే వాళ్లే తీసేస్తారట. సోమవారం లోపు చెప్పాలి. ఏం చేయాలి?

రావినీడ

ముందు ఆ సంతకం ఆపండి. పెట్టారంటే ఆయనే అడిగి వెళ్లిపోయినట్టు లెక్క, సంస్థ తీసేసినట్టు కాదు. తర్వాత కోర్టుకెళ్లినా మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 20(4) చదవండి. ఉద్యోగంలో చేరాక వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే సూపర్‌న్యూమరరీ (ఉన్న పోస్టులకు అదనంగా సృష్టించే) పోస్టులో పెట్టి, తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైర్మెంట్ వయసుదాకా ఉంచే దారి కూడా అందులోనే ఉంది. అందుకే "ఖాళీలు లేవండీ" అనే మాటకు భయపడక్కర్లేదు. చట్టం ద్వారా ఏర్పడిన కార్పొరేషన్లు, ప్రభుత్వ కంపెనీలు కూడా దీని కిందికి వస్తాయి.

పాత 1995 చట్టంలో ఇదే రక్షణ 47వ సెక్షన్. కాలు పోయిన కానిస్టేబుల్ కునాల్ సింగ్ కేసులో, ఇన్వాలిడ్ పెన్షన్ (పనికి అన్‌ఫిట్ అయి రిటైరైనవారికి ఇచ్చే పెన్షన్) ఇచ్చాం కదా అన్న వాదనను 2003లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మన దగ్గరిదే ఇంకొకటి: రంగులు గుర్తించలేడని తెలంగాణ ఆర్టీసీ 2016లో మెడికల్ రిటైర్మెంట్ ఇచ్చిన డ్రైవర్‌కు, అదే పే గ్రేడులో తగిన పోస్టు ఇవ్వమనీ, జీతం బకాయిల్లో 25 శాతం చెల్లించమనీ 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. వేరే పని ఉందో లేదో నిజంగా వెతకాల్సిన బాధ్యత యాజమాన్యానిదే అని అందులో గట్టిగా ఉంది.

ఇక పని. మెడికల్ బోర్డు రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అందులో ఒక్క వాక్యం చూడాలి: "డ్రైవర్ పోస్టుకు అన్‌ఫిట్" అని ఉందా, "ఏ ఉద్యోగానికీ పనికిరాడు" అని ఉందా? రెండోది ఉంటే రీ-ఎగ్జామినేషన్ అడగండి, న్యూరాలజిస్టు రాసిచ్చిన ప్రస్తుత పరిస్థితి జతచేయండి. మొదటిదే అయితే ఇలా రాయించండి:

"నేను డ్రైవింగ్ చేయలేను. కూర్చుని చేసే పని చేయగలను. సెక్షన్ 20(4) ప్రకారం అదే పే స్కేలులో నన్ను ప్రత్యామ్నాయ పోస్టుకు మార్చగలరు. స్వచ్ఛంద పదవీ విరమణ నేను కోరడం లేదు."

చివరి వాక్యం వదలొద్దు. ఆఫీసు ఇన్‌వర్డులో (కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టు.

పాతచింత

రావినీడ గారు చెప్పింది సరైనదే, రెండు కలుపుతాను.

వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు స్లాటు బుక్ చేసి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. 20(4)లో "వైకల్యం" అనే ఉంది, వైకల్యం కనీసం 40 శాతం ఉండాలన్న షరతు ఆ సెక్షన్‌లో రాయలేదు. కాబట్టి సర్టిఫికెట్‌లో 35 వచ్చిందని వదిలేయకండి.

రెండోది, కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. లీవు అయిపోయాక కాగితం పంపకుండా ఇంట్లో ఉంటే అనధికార గైర్హాజరు అని చార్జిషీటు ఇస్తారు. అప్పుడది జబ్బు కేసు కాకుండా క్రమశిక్షణ కేసు అయిపోతుంది. జీతం లేని లీవైనా సరే, ప్రతి పొడిగింపుకూ మెడికల్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు వెళ్లాలి.

జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తీసేస్తూ ఆర్డరు ఇస్తే హైకోర్టులో రిట్. ఆర్డరు చేతికొచ్చాక నెలల తరబడి కూర్చోవద్దు.

మల్లెపందిరి

ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే?

పాతచింత

20(4) ప్రైవేటుకు వర్తించదండీ. అక్కడ ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చూసుకోవాలి. అర్హత ఉంటే సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజులు, వేతనంలో 70 శాతం. పక్షవాతం దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, రెండేళ్ల సర్వీసూ చందా రోజులూ సరిపోతే 80 శాతం చొప్పున ఎక్స్‌టెండెడ్ బెనిఫిట్ కూడా వస్తుంది.

కృష్ణాతీరం

ఫోన్ చేశాను. నిన్న సాయంత్రమే సంతకం పెట్టేశారట! రిటైర్మెంట్ వచ్చే నెల 1 నుంచి అని ఉంది.

రావినీడ

ఆ తేదీ ఇంకా రాలేదు కదా, మీ సర్వీసు రూల్స్‌లో ప్రత్యేకంగా అడ్డు లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. రేపు పొద్దున్నే "నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను" అని ఇన్‌వర్డులో ఇప్పించండి, అదే రోజు స్పీడ్ పోస్టు కూడా చేయండి. ప్రత్యామ్నాయ పోస్టు దరఖాస్తు దాంతోపాటే వెళ్లాలి.