పార్కు బాగుచేశారు సరే, మధ్యాహ్నం తాళం ఎందుకు?

వేపనీడ:
హైదరాబాద్‌లో మా కాలనీ పార్కును ఆరు నెలలు మూసి బాగుచేశారు. కొత్త ట్రాక్, లైట్లు, పిల్లలకు ఉయ్యాలలు. సంతోషమే. కానీ ఇప్పుడు పొద్దున పదింటికి తాళం వేసి మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీస్తున్నారు. అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లు ఇదివరకు లోపల వేపచెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్లు. నిన్న గేటు బయట, ఎండలో, ఫుట్‌పాత్ మీద తింటున్నారు. చూసి నాకు ముద్ద దిగలేదు. మీరేమంటారు?

కమిటీ సభ్యుడు:
తాళం ఊరికే వేయలేదండీ. మధ్యాహ్నాలు తాగుబోతులు చేరేవారు. ఊడ్చే అమ్మకి రోజూ సీసా పెంకులే. ఉయ్యాల గొలుసులు కూడా కోసుకెళ్లారు. ఉన్న ఒక్క వాచ్‌మన్ రెండు పూటలే కాయగలడు. పది రూపాయల టికెట్ పెడితే ఇంకో మనిషి జీతం వస్తుంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో టికెట్ లేదా?

బెంగళూరు తెలుగోడు:
ఉంది. అయితే పొద్దున నడకకు వచ్చేవాళ్లకు ఉచితం, ఆ తర్వాత వచ్చేవాళ్లకే టికెట్. ఇక్కడే 1870 నాటి కబ్బన్ పార్కుకు అసలు టికెట్టే లేదు. పక్కనే హైకోర్టు. వెదురు పొదల కింద మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లని నేను చూసినంతలో ఎవరూ లేపలేదు. నేనూ ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో అక్కడే పడుకున్నాను.

సాయంత్రం నడక:
ఆడదానిగా ఒక మాట. నాకు భయం వేసేది జనం లేని పార్కంటేనే. నలుగురు ఆడవాళ్లు అన్నాలు తింటున్న చోట సీసా తెరవడానికి ఎవడైనా జంకుతాడు. ఇంకోటి, ఇంత ఖర్చు పెట్టారు కదా, ఆడవాళ్ల టాయిలెట్‌కు గొళ్లెం ఉందా? మా పార్కులో లేదు.

వేపనీడ:
మా దగ్గర టాయిలెట్‌కు కూడా తాళమేనమ్మా.
కమిటీవారూ, పార్కులు చూసుకోవడం మున్సిపాలిటీ పని. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని పేరుపెట్టి మరీ రాశారు. ఇంటిపన్ను కడుతున్నాం, అద్దెకుండేవాళ్లు అద్దెలో కలిపి కడుతున్నారు. మళ్లీ గేటు దగ్గర పది రూపాయలా? రోజూ వచ్చే పనావిడకి నెలకి మూడొందలు. ఆమె ఇవ్వదు, రావడం మానేస్తుంది.
2021లో ఇందిరా పార్కులో పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు, గుర్తుందా? జనం గట్టిగా అడిగితే తీసేశారు. ఎవరు రావాలో గేటు దగ్గర ఏరడం మొదలుపెడితే ఆ వరస ఎక్కడా ఆగదు. ఈ వేసవి రెండు నెలలు తాళం తీసి చూద్దాం. మధ్యాహ్నం రెండు గంటలు నేను వచ్చి కూర్చుంటా, రిటైరైన మనిషినే.

కమిటీ సభ్యుడు:
మీరు కూర్చుంటానంటే ఆదివారం మీటింగ్‌లో పెడతాను. రెండో వాచ్‌మన్ కోసం మున్సిపాలిటీకి అర్జీ రాయండి, మొదటి సంతకం నాదే. టికెట్ మాట మాత్రం ఇప్పుడే వెనక్కి తీసుకోను.